పసుపు ఇంటి నుంచి రెండు వందల మీటర్లు

మంగళవారం పొద్దున్నే దోన్యా సీనియా ఇంట్లో ఆ రోజు పనులన్నీ ఒక వరుసలో పెట్టుకున్నారు. ఆ ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళ పేరు ముందు మర్యాదకు దోన్యా అని, మగవాళ్ళకు దోన్ అని చేరుస్తారు. ముందు గదిలోని పరుపు ఎండలో వేయాలి. దుప్పట్లు ఇస్త్రీ చేయాలి. తాజా జున్ను తేవాలి. నల్ల చిక్కుడు గింజలు రాత్రే నానబెట్టారు. మూడు గంటల బస్సుకు నార్వే నుంచి సోల్వైగ్ అనే ఆవిడ దిగుతుంది. రెండు రాత్రులు ఉంటుంది. ఆ ఇంటికి డబ్బిచ్చి బస చేయడానికి వస్తున్న మొట్టమొదటి మనిషి ఆవిడే.

ఆరేళ్ళుగా సీనియా అనాస పళ్ళు కడిగి పెట్టెల్లో సర్దే కర్మాగారంలో పని చేస్తోంది. తెల్లవారుజామున మూడున్నరకు కంపెనీ బస్సు వస్తుంది. పళ్ళ రసానికి ఆమె వేళ్ళ చివర్లు ఎప్పుడూ ఎర్రగా ఒరుసుకుపోయి ఉంటాయి. ఈసారి రెండు వారాలు సెలవు పెట్టి, ఇంట్లో రెండు గదులు బాగు చేసి, యాత్రికుల బసల సంఘంలో పేరు రాయించింది. మొదటి అతిథి నాలుగు మంచి మాటలు రాస్తే సంఘం ఇంకొందరిని పంపుతుంది. రాయకపోతే వచ్చే సోమవారం మూడున్నరకు మళ్ళీ బస్సే. "ఆదివారంలోగా ఏ సంగతో తేల్చు. నీ చోటు కోసం తొమ్మిదిమంది కాచుకుని ఉన్నారు" అని సూపర్‌వైజరు చెప్పి పంపాడు.

సీనియా కూతురు నోయ్లిన్‌కు పదహారేళ్ళు. ఆరేళ్ళలో ఆదివారాలు తప్ప ఆ పిల్ల తల్లితో కూర్చుని పొద్దుటి టిఫిను తిన్నది లేదు. ఈ రెండు వారాలూ రోజూ తింటోంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అసలు ఆ పిల్ల ఏ సంగతీ ఎవరితోనూ అనదు. మాట తక్కువ, చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. అందుకే అతిథికి ముందుగా పంపవలసిన సలహాల కాగితం రాసే పని ఆమెకే పడింది.

పన్నెండు సలహాలు రాసింది. చెప్పులు దులిపి వేసుకోండి, లోపల తేలు ఉంటే వెళ్ళిపోతుంది. కుళాయి నీళ్ళు తాగవచ్చు, నది నీళ్ళు వద్దు. మధ్యాహ్నం వాన వస్తుంది, ఏదో ఒక చూరు కింద నిలబడండి, దానంతటదే పోతుంది. ఎవరింటికి వెళ్ళినా తలుపు తట్టకండి, గేటు బయట నిలబడి "ఊపే!" అని కేక వేయండి. కాఫీ ఇస్తే కాదనకండి. దారి తెలియకపోతే ఎవరినైనా అడగండి, మా ఊళ్ళో తెలియదని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. దారి చూపినవాళ్ళ మనసు నొప్పించకండి. ఇలాంటివి. చివర ఇంటి చిరునామా: 'పసుపు ఇంటి నుంచి చర్చి వైపు రెండు వందల మీటర్లు, అక్కడి నుంచి తూర్పుకు యాభై.' సాన్ హిలారియోలో వీధులకు పేర్లు, ఇళ్ళకు నంబర్లు లేవు. నలభై ఏళ్ళుగా సగం ఊరి చిరునామాలు పసుపు ఇంటి నుంచే మొదలవుతున్నాయి. కాగితంలో రాసిన ప్రతి మాటా నిజమే. సోల్వైగ్ దానికి జవాబు రాస్తూ, తనకోసం ఎవరూ ఎదురు రావద్దని, కాగితం చేతపట్టుకుని తనే వెతుక్కుంటూ వస్తానని, అదే తనకు సరదా అని చెప్పింది. కాదనడం ఎలాగో తెలియక తల్లీ కూతుళ్ళు సరేనన్నారు.

తొమ్మిదింటికి నోయ్లిన్ జున్ను కోసం బయలుదేరింది. పసుపు ఇంటి మలుపు తిరిగి ఆగిపోయింది. ఇల్లు ఉంది. ఇంటి యజమానురాలు దోన్యా ఎల్విదియా నిచ్చెన మీద ఉంది. గోడ సగం వరకు పసుపు, అక్కడి నుంచి ఊదా రంగు.

"ఏం తల్లీ, బాగుందా? పండక్కి ఇల్లు కొత్తగా కనబడాలిగా. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పసుపే చూస్తున్నా, కళ్ళు పచ్చబడిపోయాయనుకో" అంది ఎల్విదియా పైనుంచి.

నోయ్లిన్ నోరు తెరిచింది. ఈ ఒక్కరోజు ఆపండి అనాలి. మా అతిథి వస్తోంది అనాలి. కానీ డెబ్బై ఏళ్ళ మనిషి నిచ్చెన మీద నిలబడి అంత సంతోషంగా అడుగుతుంటే, ఆమె నోట్లోంచి వచ్చింది "చాలా బాగుంది" అనే మాట ఒక్కటే. ఆ మాట అన్నాక కూడా కదలకుండా అక్కడే నిలబడింది, రెండో మాట కూడా వస్తుందేమోనని.

"చెయ్యి వెయ్యాలని ఉందా బంగారం? మొహమాటపడతావేం, అడగొచ్చుగా! ఇదిగో బ్రష్షు. ఆ కింది భాగం నీది."

పెద్దవాళ్ళు చేతికిచ్చిన బ్రష్షును వెనక్కి ఇవ్వడం సాన్ హిలారియోలో ఎవరూ చేయరు. రెండు గంటల తర్వాత నోయ్లిన్ జున్ను లేకుండా, మోచేతుల దాకా ఊదా రంగుతో ఇంటికి వచ్చింది. పసుపు ఇంట్లో మిగిలిన పసుపునంతా ఆమే స్వయంగా కప్పేసి వచ్చింది.

సీనియా ఆ చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"మొత్తం పోయిందా? కిటికీ చుట్టూ అయినా మిగల్లేదా?"

"కిటికీ చుట్టూ చాలా శుభ్రంగా వేశావని మెచ్చుకుంది" అంది నోయ్లిన్ నేల చూపులు చూస్తూ.

సీనియా అతిథికి ఫోను చేసింది. మోగలేదు. కొండదారిలో ఫోన్లు మోగవు. అప్పుడు బీరువాలోంచి పసుపు దుప్పటి ఒకటి తీసింది. "ఇది తీసుకెళ్ళి వాళ్ళ కంచె మీద ఆరేసి రా. దూరానికి పసుపు కనిపిస్తే చాలు."

నోయ్లిన్ వెళ్ళి, "దీన్ని ఇక్కడ ఉంచొచ్చా?" అని అడిగింది. "అడగాలా తల్లీ?" అంది ఎల్విదియా. ఎందుకని ఈవిడ అడగలేదు, ఇందుకని ఆ పిల్ల చెప్పలేదు. పన్నెండున్నరకు మబ్బు పట్టింది. పొరుగువాళ్ళ బట్టలు వానకు తడుస్తుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు ఎల్విదియా. దుప్పటి లోపలికి తీసి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది.

వాన వెలిశాక, మూడింటి బస్సుకు ఎదురు వెళ్ళమని సీనియా కూతుర్ని పంపింది. ఎవరూ రావద్దని అతిథి చెప్పిన మాట మీరుతున్నందుకు ఇద్దరికీ సిగ్గుగానే ఉంది. బస్సు వచ్చింది. ఇద్దరు ముసలాళ్ళు, ఒక కోళ్ళ గంప దిగాయి. అంతే. బస్టాపు పక్కన తిండి కొట్టు నడిపే దోన్యా రెమెదియోస్ గల్లాపెట్టె వెనకనుంచి తొంగి చూసింది.

"పొడుగాటి తెల్లావిడ కోసమా? ఒంటిగంట బస్సుకే దిగిందమ్మా. వాన తగ్గేదాకా మా చూరు కిందే నిలబడింది, చెప్పినట్టు వినే మనిషి. పసుపు ఇల్లెక్కడని అడిగింది."

"మీరేం చెప్పారు?"

"పసుపు ఇంటికేమో పొద్దున్నే రంగు మార్చేశారాయె. అందుకని నది అవతలికి పంపాను."

"నది అవతల పసుపు ఇల్లు ఉందా?"

"ఉంటే ఉండొచ్చు తల్లీ. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని తెలీదని ఉత్త చేతుల్తో పంపిస్తామా?"

నోయ్లిన్ నది వైపు తిరిగింది. వానకు నది పొంగి ఉంది. కొట్టు ముందు తన ఎర్ర టాక్సీ తుడుచుకుంటున్న దోన్ బెలిసారియో అంతా విన్నాడు. "ఎక్కు తల్లీ. తెల్లావిడ నడిచి వెళ్ళింది, మనం బండి మీద వెళ్తున్నాం. పది నిమిషాల పని" అన్నాడు. ఆ లెక్కలో ఆయన కాఫీని కలపలేదు.

వంతెన దాటగానే చెప్పులు కుట్టే అబుందియో ఇల్లు. నోయ్లిన్ గేటు దగ్గర నిలబడింది. పన్నెండు సలహాల్లో 'ఊపే' అని కేక వేయమని రాసిన ఆ పిల్ల ఇంతవరకు ఏ గేటు ముందూ ఆ కేక వేయలేదు. కుక్క మొరిగేదాకా నిలబడి, ఇంటివాళ్ళే వచ్చి చూసేదాకా ఆగడం ఆమె పద్ధతి. కుక్క మొరగలేదు. అడ్డంగా పడుకుని చూస్తోంది.

"మీరు కాస్త మొరగండి" అని బతిమాలింది. ఆ పిల్ల కుక్కల్ని కూడా మీరు అనే అంటుంది. కుక్క కళ్ళు మూసుకుంది.

"ఊపే" అంది నోయ్లిన్. అది ఆమెకే వినపడలేదు. మూడోసారికి అబుందియో బయటికి వచ్చాడు.

"తెల్లావిడా? వచ్చింది, మహా మర్యాదస్తురాలు. రెండు కప్పులు తాగింది. పసుపు ఇల్లంటే బడి వెనక అక్కచెల్లెళ్ళది అయ్యుంటుందని నేనే తోడు వెళ్ళి వంతెన దాటించి, బడి దాకా దిగబెట్టి వచ్చాను. ఇప్పుడే పోయింది. రండి, కాఫీ పొయ్యి మీదుంది."

"తొందరగా వెళ్ళాలి బాబాయ్."

"వెళ్దురు గాని. తాగి వెళ్దురు గాని. ఆవిడెవరో దేశం కాని దేశం మనిషి తాగింది, నువ్వు తాగవా?"

తాగారు. అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళేసరికి తెల్లావిడ ఇప్పుడే పోయింది. వాళ్ళ ఇల్లు తెల్లది. అయితే పోయినేడు దాకా వాకిట్లో పసుపు కుర్చీ ఒకటి ఉండేదట, అందుకని ఆవిడ్ని కూర్చోబెట్టి మొక్కజొన్న రొట్టె పెట్టి, బడి మాస్టారింటికి పంపారు. వీళ్ళకూ రొట్టె పెట్టారు. మాస్టారు ఇంటి దగ్గర బెల్లం నీళ్ళు. రొట్టెల బట్టీ దగ్గర మళ్ళీ కాఫీ. ప్రతి గేటు దగ్గరా తెల్లావిడ ఇప్పుడే పోయింది. పోయిన దారి చూపిన ప్రతి చెయ్యీ ఒక కొత్త దిక్కుకు చూపింది, ఏ చెయ్యీ తొణకలేదు. వాళ్ళు ఒక ఇంట్లో లేచేసరికి ఆవిడ ఇంకో ఇంట్లో కూర్చునేది. ఆరో గేటు దగ్గర నోయ్లిన్ కేక వేస్తే కంచె మీది కోళ్ళు ఎగిరిపోయాయి. ఎనిమిదో గేటు దగ్గర వేస్తే ఎదురింటివాళ్ళు కూడా బయటికి వచ్చారు.

నాలుగున్నరయింది. బెలిసారియో స్టీరింగు మీద చేతులు పెట్టి చర్చి వైపు చూశాడు.

"ఇలా లాభం లేదు తల్లీ. ఊరంతా ఒక్కచోట చేరితే, ఎవరు చివరిసారి చూశారో తేలిపోతుంది. చర్చి గంట కొట్టిద్దాం."

"గంట కొడితే ఎవరో పోయారనుకోరా?"

"అనుకుంటే అనుకుంటారు. వచ్చాక చెబుదాం."

గంట కొట్టే మెలెసియోకు చెవుడు లేదు, తొందర మాత్రం ఉంది. "ఎవరికి?" అని అడిగాడు. "సీనియా ఇంటికొచ్చిన తెల్లావిడ కనబడ్డం లేదు, నది వైపు వెళ్ళిందట..." అని బెలిసారియో మొదలుపెట్టాడు. మెలెసియో టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. మిగతా మాట వినకుండానే తాడు పట్టుకున్నాడు. ఆ వేళప్పుడు ఆ గంట ఒకే రకంగా మోగుతుంది, ఒకే అర్థంతో మోగుతుంది. జనం చర్చికి రాలేదు. పోయినవాళ్ళు ఎవరి ఇంటివాళ్ళో ఆరా తీసి, తిన్నగా ఆ ఇంటికి వెళ్ళారు.

సీనియా పొయ్యి మీద చిక్కుడు గింజలు కలుపుతోంది. గంట విని సిలువ గీసుకుంది, ఎవరో పాపం అనుకుంది. అంతలో గేటు దగ్గర వరసగా "ఊపే", "ఊపే" అంటూ నల్లబట్టల ఆడవాళ్ళు నలుగురు వచ్చారు.

"ఎంత పని జరిగింది సీనియా!"

"ఏం జరిగింది?"

"నీకింకా తెలీదా? అయ్యో... నీ అతిథేనమ్మా. నది దగ్గరట."

గరిటె గింజల్లోనే ఉండిపోయింది.  సీనియాకు ఆ క్షణంలో సంఘం గుర్తు రాలేదు, కర్మాగారం గుర్తు రాలేదు. "నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషి. ముద్ద అన్నం కూడా పెట్టలేకపోయాను" అని ఏడ్చింది. ఆడవాళ్ళు ఆమెను కూర్చోబెట్టి వంటిల్లు చేతిలోకి తీసుకున్నారు. మగవాళ్ళు చర్చి బల్లలు మోసుకొచ్చారు. ఎవరో తమాలెలు, అరటాకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్దలు, తెచ్చారు. పండక్కి దాచినవట. అతిథి కోసం సిద్ధం చేసిన గదిలో, ఇస్త్రీ దుప్పటి పరిచిన మంచం మీద, ఫోటో లేదు గనక ఆవిడ రాసిన ఉత్తరం పెట్టి, రెండు కొవ్వొత్తులు వెలిగించారు. దోన్యా ఎల్విదియా జపమాల తీసి ముందు కూర్చుంది. ఆమెతో పాటు నాలుగు మడతల పసుపు దుప్పటి కూడా వచ్చింది, శవం ఎప్పుడైనా వస్తే కప్పడానికి పనికొస్తుందని.

చర్చి దగ్గర ఎంతసేపు కాచినా ఎవరూ రాకపోయేసరికి, అయిదున్నరకు నోయ్లిన్ ఇల్లు చేరింది. గేటు నిండా జనం. లోపల ప్రార్థన సాగుతోంది. తల్లి ఏడుపు విని, గంట మోగింది నిజానికే అని ఆ పిల్ల నమ్మేసింది. నేను రాసిన కాగితమే ఆ మనిషిని నదిలోకి నడిపించింది అనుకుంది. బల్లల మధ్య నుంచి తల్లి దగ్గరికి పోతూ పోతూ ఆగింది.

అందరికన్నా వెనక, గోడ వారగా ఉన్న బల్ల మీద, చెప్పులు కుట్టే అబుందియో పక్కన, పొడుగాటి తెల్లావిడ కూర్చుని ఉంది. ఒడిలో కాఫీ కప్పు. లంగా మీద అరచేయంత ఊదా రంగు. తల వంచుకుని, అందరితో పాటు పెదాలు కదుపుతోంది.

నోయ్లిన్ ఆవిడ దగ్గరగా వంగింది. "సోల్వైగ్ గారా?"

"అవును. నువ్వు నోయ్లిన్‌వి కదూ?" ఆవిడ మాట బడిపుస్తకంలోంచి తీసినట్టుంది, ప్రతి అక్షరం పూర్తిగా పలుకుతోంది. గొంతు తగ్గించి అడిగింది. "మీ ఇంట్లో ఇలాంటి సమయంలో వచ్చినందుకు క్షమించాలి. పోయినవారు దగ్గర బంధువా?"

 సమాధానం అబుందియో చెప్పాడు. "అదే తెలీడం లేదమ్మా. ఎవరో దూరదేశం ఆవిడట. నదిలో పోయిందట. పాపం, మంచి మనిషని చెప్పుకుంటున్నారు."

సోల్వైగ్ కప్పు కింద పెట్టి సిలువ గీసుకుంది. "ఆవిడతో పోలిస్తే నా కాళ్ళ నొప్పులు ఏపాటివి" అంది.

నోయ్లిన్ ఇంక ఆగలేకపోయింది. నిండు ప్రార్థన మధ్యలో, ఊరంతటి ముందు, కోళ్ళను ఎగరగొట్టిన ఆ గొంతుతోనే అరిచింది. "అమ్మా! ఆవిడ ఇక్కడుంది!"

ప్రార్థన ఆగింది. అరవై తలలు వెనక్కి తిరిగాయి.  సీనియా లేచి వచ్చి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది. తర్వాత అడగవలసిన మాటే అడిగింది. "ఆకలేస్తోందా అమ్మా?"

"లేదు" అంది సోల్వైగ్ నిజాయితీగా. "పదకొండు ఇళ్ళలో కాఫీ తాగాను. తొమ్మిది చోట్ల రొట్టె."

"మా ఇల్లు దొరకడం ఇంత కష్టమైపోయింది మీకు. తప్పంతా మాదే" అంది సీనియా కళ్ళు తుడుచుకుంటూ.

సోల్వైగ్ ఇబ్బందిగా కదిలింది. చెప్పనా వద్దా అన్నట్టు ఒకసారి అబుందియో వైపు చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "ముప్ఫై ఒక్క ఏళ్ళు భూగోళం పాఠాలు చెప్పానమ్మా. ఇల్లు రెండింటికే దొరికింది. ఆ ఊదా ఇంటి గోడకు నా లంగా రాసుకుంటే తడి రంగు కింద పసుపు కనిపించింది, అక్కడి నుంచి మీటర్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాను. గేటు మీద మీ పేరు కూడా చదివాను. కానీ అప్పుడు నాకు దారి చూపిస్తున్న పెద్దాయన అంత నమ్మకంగా ముందుకు నడుస్తున్నాడు. ఆపి, మీరు చెప్పింది తప్పు అని ఎలా అంటాను? మీ కాగితంలో ఎనిమిదోది, దారి చూపినవాళ్ళ మనసు నొప్పించకండి అని ఉంది కదా. తర్వాత ఇంకా మూడుసార్లు ఈ గేటు ముందు నుంచే నడిపించారు. చివరికి గంట మోగింది, అందరూ ఇటే వస్తున్నారు, నేనూ వచ్చేశాను."

నడిపించిన పెద్దాయన అబుందియోనే. ఆయన కాఫీ కప్పులోకి చాలా శ్రద్ధగా చూశాడు.

దోన్యా ఎల్విదియా మాత్రం జపమాల దించలేదు. మొదలుపెట్టిన ప్రార్థన మధ్యలో వదలకూడదు గనక, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళందరి క్షేమం కోసం అని తీర్మానించి పూర్తి చేయించింది. సోల్వైగ్ ఆ ప్రార్థనలో మళ్ళీ అందరితో పాటు పెదాలు కదిపింది. తమాలెలు మిగల్లేదు. వెళ్ళేటప్పుడు ప్రతి ఒక్కరూ సీనియాను కావలించుకుని, అతిథి పోయినందుకు విచారం, పోనందుకు సంతోషం, రెండూ కలిపి తెలియజేసి వెళ్ళారు. కొవ్వొత్తులు ఆర్పి, మంచం మీది ఉత్తరం తీసి, సోల్వైగ్‌ను అదే దుప్పటి మీద పడుకోబెట్టారు. బాగా నిద్ర పట్టిందని పొద్దున చెప్పింది.

రెండు రాత్రులు ఉండాల్సిన మనిషి శుక్రవారానికి కూడా కదల్లేదు. సగం ఊరికి తను ఇంకా రొట్టె బాకీ ఉన్నట్టు రోజూ పొద్దున లేచి, మంగళవారం వెళ్ళిన ఇళ్ళన్నిటికీ పలకరింపుకు వెళ్ళి వచ్చేది. శనివారం నాడు సంఘానికి నాలుగు పేజీలు రాసింది. ఆ నడకను ఎవరో ఎంతో ఆలోచించి ఏర్పాటు చేసి ఉంటారని, పెద్ద హోటళ్ళలో ఇలాంటిది దొరకదని రాసింది. తన బడిలో కలిసి పనిచేసిన ఆరుగురు టీచర్లకు కూడా రాసింది. ఆదివారం పొద్దున సంఘం నుంచి ఫోను వచ్చింది. డిసెంబరు దాకా రెండు గదులూ నిండిపోయాయి. నోయ్లిన్ వంటింట్లో నిలబడి ఆ మాట విని, పెనం మీద అన్నం, చిక్కుడు గింజలు ఇంకో ఇద్దరికి సరిపడా వేసింది. తల్లికి ఎదురుగా కూర్చుని నెమ్మదిగా తింది.

మధ్యాహ్నం కర్మాగారం సూపర్‌వైజరు ఫోను చేశాడు. ఆయనా ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు, కాదనలేనివాళ్ళు అవునని ఎలా అంటారో తెలిసినవాడు.

"ఏం తేల్చావు సీనియా? రేపు వస్తున్నావా?"

సీనియా కూతురి వైపు చూసింది. గొంతు సవరించుకుంది. "అయ్యో, రాకుండా ఎలా ఉంటానండీ! తప్పకుండా వస్తాను. మూడున్నరకే గేటు దగ్గర నిలబడి ఉంటాను" అంది ఎంతో ఆప్యాయంగా.

ఆయన కూడా అంతే ఆప్యాయంగా మంచిదని చెప్పి, ఫోను పెట్టేసి, జాబితాలో ఆమె పేరు కొట్టేశాడు.